హనుమకొండ అదాలత్ దగ్గర కిరాయి కాగితం: నాలుగుసార్లు రాయించుకున్నాక

నేను కిరాయి కాగితాలు రాయించుకునే ఈ దుకాణం పేరు రాయడం లేదు. రాయవద్దని అక్కడి లేఖరే అడిగారు. రోజుకు నాలుగైదు కాగితాలకు మించి రాయలేనని, పేరు తెలిసి జనం పెరిగితే అడగవలసినవి అడగకుండానే రాసి పంపేయవలసి వస్తుందని ఆయన భయం. అందుకని గుర్తులు చెబుతాను. హనుమకొండ అదాలత్ కూడలి దగ్గర జిరాక్స్ దుకాణాలు, స్టాంపు కాగితాలు అమ్మేవారు, నోటరీల బల్లలు ఉంటాయి కదా. అక్కడే నీలం రంగు రేకు తలుపు ఉన్న చిన్న గది. బయట వేపచెట్టు, దాని కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ‘దస్తావేజు లేఖరి’ అని చేత్తో రాసిన బోర్డు సగం వెలిసిపోయింది. లోపల అరవై ఐదు దాటిన పెద్దమనిషి, ఒక పాత కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడకు భద్రకాళి అమ్మవారి క్యాలెండర్.

నేను నర్సును. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. ఇంట్లో నేను, ఇంటర్ చదివే మా అబ్బాయి, ఈ ఏడాది జనవరి వరకు మా అమ్మ. మాది పరకాల. నాన్న పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకుని అక్కడి ఇల్లు కిరాయికి ఇచ్చాను. అంటే హనుమకొండలో నేను కిరాయికి ఉండే మనిషిని, పరకాలలో కిరాయి తీసుకునే మనిషిని. 2023 సెప్టెంబరు నుంచి ఇప్పటివరకు గోపాలపూర్‌లో మేముంటున్న ఇంటికి మూడు కాగితాలు, పరకాల ఇంటికి ఒకటి ఈయన దగ్గరే రాయించాను.

అంతకుముందు నయీంనగర్ నాలాకు దగ్గర్లో ఒక ఇంటి కింది పోర్షన్‌లో ఉండేవాళ్లం. కిరాయి 8,000, అడ్వాన్స్ 24,000. కాగితం ఏమీ లేదు. ఓనరు తన డైరీలో నా పేరు, తేదీ, అడ్వాన్స్ అంకె రాసుకున్నారు, అంతే. 2023 జూలై చివర్లో కురిసిన వానకు నాలా పొంగి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. మంచం నాలుగు కాళ్ల కిందా ఇటుకలు పెట్టి, అమ్మను దాని మీద కూర్చోబెట్టి ఆ రాత్రి గడిపాం. బియ్యం డబ్బా, అబ్బాయి పుస్తకాలు అమ్మ ఒడిలో ఉన్నాయి. నీళ్లు తీసి బురద కడుక్కున్నాక ఇల్లు ఖాళీ చేస్తామంటే ఓనరు అడ్వాన్స్ ఇవ్వనన్నారు. గోడలు ఉబ్బాయి, సున్నం రాలిపోయింది, తలుపులు బిగుసుకుపోయాయి, అవన్నీ మీరు ఉండగా జరిగినవే కదా అన్నారు.

తోటి నర్సు చెబితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. 1987 నాటి చట్టంలోనే ఆ మాట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు కేటాయించిన వకీలమ్మ 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం తీసి 108వ సెక్షన్ చదివి వినిపించారు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించడం కిరాయిదారు బాధ్యత. వాడకంలో వచ్చే మామూలు అరుగుదలకు, మనిషి ఆపలేని శక్తి వల్ల జరిగిన నష్టానికి మాత్రం కిరాయిదారు బాధ్యుడు కాడు. నాలా పొంగి ఇంట్లోకి రావడం నా చేతిలో ఉన్న పనా? నోటీసు వెళ్లింది. రెండో వాయిదాకు ఓనరు వచ్చి 20,000 ఇచ్చారు. మిగిలిన 4,000 విరిగిన వాష్ బేసిన్ కింద, చివరి కరెంటు బిల్లు కింద నేను వదులుకున్నాను. బేసిన్ మా అబ్బాయే విరగ్గొట్టాడు, అది మేము కట్టవలసినదే.

‘కాగితం లేకుండా ఇంట్లోకి ఎలా దిగారమ్మా’ అని ఆ వకీలమ్మే ఈ దుకాణం చూపించారు.

ఈలోగా కొత్త ఇంటి కోసం పదకొండు ఇళ్లు తిరిగాను. గేటు దగ్గర ముందు అడిగేది కులం. తర్వాత ‘ఇంట్లో మగవాళ్లు ఎవరూ ఉండరా’ అని. తర్వాత అమ్మను చూసి వయసెంత అని. కిరాయి గురించి మాట వచ్చేది ఇవన్నీ అయ్యాకే. చివరకు గోపాలపూర్‌లో ఒక పై పోర్షన్ దొరికింది. రెండు పడక గదులు, కిరాయి 9,500. ఓనరు రైల్వేలో చేసి కాజీపేటలో రిటైరైన మనిషి. కింది పోర్షన్‌లో ఆయన, భార్య ఉంటారు.

మొదటిరోజు నేను ఒక్కదాన్నే వెళ్తే లేఖరి కాగితం రాయలేదు. ‘ఓనరు కూడా రావాలమ్మా. ఒకరు చెబితే రాసి ఇంకొకరితో సంతకం పెట్టించుకునేది నా దగ్గర కుదరదు’ అన్నారు. నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా వెళ్లాను, కోపం వచ్చింది. మరుసటిరోజు ఓనరును బతిమాలి తీసుకెళ్లాను. వెళ్లాక గంటసేపు ఆయన ఒక్క అక్షరం రాయలేదు. మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు.

‘గేటుకు రాత్రి తాళం ఎన్నింటికి వేస్తారు?’

ఓనరు పదింటికి అన్నారు.

‘ఈమెకు రాత్రి డ్యూటీలు ఉంటాయి. మధ్యలో పిలుపు వస్తే?’

ఓనరు కాసేపు ఆలోచించి లేపితే తీస్తానన్నారు. ‘ఏడాదిలో ఎన్నిసార్లు లేస్తారు సార్, నాలుగోసారికి మీకు విసుగొస్తుంది, ఆమెకు మొహమాటం వస్తుంది’ అని, గేటు తాళంచెవి ఒకటి కిరాయిదారు దగ్గర ఉంటుందని, పోగొడితే కొత్త తాళం ఖర్చు కిరాయిదారుదేనని రాసుకున్నారు. ఇంత చిన్న విషయం మీద నయీంనగర్ ఇంట్లో నేను ఎన్ని రాత్రులు రోడ్డు మీద నిలబడ్డానో నాకు తెలుసు.

మోటారు ఎవరు వేయాలి, ఎన్నిసార్లు? నల్లా నీళ్లు సంపులోకి వస్తే ఎవరి వాటా ఎంత? బోరు మోటారు కాలిపోతే ఎవరిది? చుట్టాలు వచ్చి వారం ఉంటే అభ్యంతరమా? మిద్దె మీద వడియాలు, బట్టలు ఎండేసుకోవచ్చా? ఇంటి పన్ను, నల్లా బిల్లు ఎవరు కడతారు? ఒక్కో ప్రశ్నకు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని చెప్పాం. ఏవి అసలు మాట్లాడుకోలేదో అప్పుడు తెలిసింది. కిరాయి, అడ్వాన్స్ తప్ప దాదాపు ఏవీ మాట్లాడుకోలేదు.

కరెంటు దగ్గర చాలాసేపు ఆగారు. అప్పట్లో రెండు పోర్షన్లకూ కలిపి ఒకే మీటరు, పైన మాకు ఒక సబ్ మీటరు. ఓనరు యూనిట్‌కు పది రూపాయలు అడిగారు. లేఖరి పోయిన నెల బిల్లు తెమ్మని, ఓనరు ఫోనులో ఉన్న ఫోటో చూసి, కాగితం మీద లెక్క వేసి చూపించారు. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు మారి రేటు పెరుగుతుంది. రెండు ఇళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే ఇద్దరూ విడివిడిగా కట్టేదానికన్నా ఎక్కువ పడుతుంది. ఆ భారం ఒక్కరి మీదే వేయడం న్యాయం కాదని, అసలు బిల్లును యూనిట్ల లెక్కన పంచుకోమని చెప్పారు. వీలైనప్పుడు పై పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించమన్నారు. ఆ రోజు సబ్ మీటరు రీడింగ్ 4,217. అది కాగితంలోకి ఎక్కింది. ఓనరు మరుసటి ఏడాది వేరే మీటరు పెట్టించారు.

వేరే మీటరు విలువ నాకు పరకాల ఇంటి దగ్గర ఇంకా బాగా తెలిసింది. అక్కడ ఉండేది ఆటో నడుపుకునే కుటుంబం, రేషన్ కార్డు ఉంది. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. కిరాయికి ఉండేవారికీ అది వర్తిస్తుంది. మీటరు నాన్న పేరు మీదే ఉన్నా, ఆ సర్వీసు నంబరు కిరాయి కాగితంలో ఉండటంతో వాళ్లు ఇబ్బంది లేకుండా దరఖాస్తు పెట్టుకున్నారు. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉన్న ఇళ్లలో కార్డు ఉన్న కిరాయిదారులు ఎందరో దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఓనర్లు దయచేసి ఈ విషయం ఆలోచించండి.

తర్వాత ఇంటి స్థితి. ఇది ఈయన చేసే పనుల్లో నాకు బాగా నచ్చినది. కాగితానికి ఒక పేజీ అదనంగా జతచేస్తారు. మా ఇంటి పేజీలో ఉన్నవి యథాతథంగా చెబుతాను: ఫ్యాన్లు నాలుగు, అందులో వంటగది ఫ్యాను శబ్దం చేస్తుంది. ట్యూబులైట్లు ఐదు. వంటగది బండకు ఎడమ మూల జానెడు పగులు. స్నానాల గది తలుపు అడుగున ఉబ్బి ఉంది. ముందు గది గోడకు మేకులు పదకొండు. సున్నం చివరిసారి వేసింది 2022 దసరాకు. ఇవి ఫోనులో ఫోటోలు తీసి, పక్కనే జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించి, ఒక్కో దాని వెనక ఇద్దరితోనూ సంతకం పెట్టిస్తారు. ఖాళీ చేసే రోజున ఈ పేజీ పట్టుకుని ఇల్లు తిరిగి చూసుకోవాలి, పదిహేను రోజుల్లోపు అడ్వాన్స్ ఇవ్వాలి అని రాశారు. పట్టుకున్న ప్రతి రూపాయికీ బిల్లు చూపించాలని ఇంకో వాక్యం. నయీంనగర్ ఇంట్లో ఇలాంటి పేజీ ఒక్కటి ఉంటే నాకు రెండు వాయిదాలు తిరిగే పని ఉండేది కాదు.

మరమ్మతులు ఎవరివి అనేదానికి ఆయన బల్ల సొరుగులో ఒక జాబితా ఉంటుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోంచి తీసుకున్నారట. గోడలు, స్లాబు, సున్నం, తలుపులు కిటికీల రంగు, పైపులు, లోపలి వైరింగు ఓనరువి. నల్లా వాషర్లు, కాలువ శుభ్రం చేయించడం, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, గీజరు మరమ్మతు కిరాయిదారువి. అదే నమూనాలో ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించకూడదని, ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా ఓనరు లోపలికి రాకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ‘కానీ మీరిద్దరూ ఒప్పుకుని రాసుకుంటే కాదనేవారెవరు’ అని ఓనరును అడిగారు. ఓనరు మూడు నెలల అడ్వాన్స్ అనుకుని వచ్చిన మనిషి, రెండు నెలలకు, 19,000కు ఒప్పుకున్నారు.

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతుంటారు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన కిరాయి ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టర్ కాని కాగితంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అందుకే అందరూ పదకొండు నెలలు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తెచ్చిన సవరణ వల్ల మన దగ్గర ఏడాది లోపు కిరాయి కాగితానికీ రిజిస్ట్రేషన్ కావాలి. నోటరీ ముద్ర పడితే రిజిస్ట్రేషన్ అయినట్టేనని అనుకోవద్దని ఆయన ప్రతిసారీ చెబుతారు. కాగితానికి కోర్టులో బలం కావాలంటే సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లమంటారు, తన రాబడి పోతుందని దాచరు.

నోటీసు గడువు కూడా చూసుకోండి. కాగితంలో ఏమీ రాయకపోతే నెలవారీ కిరాయికి పదిహేను రోజుల నోటీసు సరిపోతుందని ఆస్తి బదలాయింపు చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. ముసలి తల్లి, చదువుకునే పిల్లవాడు ఉన్న నేను పదిహేను రోజుల్లో ఇల్లు ఎక్కడ వెతుక్కుంటాను? మాకు ఇటు రెండు నెలలు, అటు రెండు నెలలు అని రాశారు.

ఇక పాన్ నంబరు. పాత పద్ధతిలో పన్ను కట్టే ఉద్యోగులు ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు అడగాలంటే, ఏడాది కిరాయి లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ ఇవ్వాలి. 9,500 చొప్పున నాకు 1,14,000 అవుతుంది. ఈ మాట మార్చిలో ఎత్తితే గొడవలే. ఈయన మొదటిరోజే ఎత్తారు. ఓనరు మొహం మారింది. కిరాయి ఆదాయంలో ముప్పై శాతం మినహాయించాకే పన్ను లెక్క కడతారని, మీ పింఛనుతో కలిపి చూసుకోండని నెమ్మదిగా చెప్పారు. ఓనరు పాన్ ఇచ్చారు. నా ఆధార్ నకలు ఇవ్వబోతే లేఖరి ఆపి, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు తీయించమన్నారు.

ఇంతా అయ్యాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నన్ను అడిగారు: ‘ఏమనుకోవద్దు బిడ్డా. అమ్మకు ఎన్నేళ్లు?’

డెబ్బై ఎనిమిది అన్నాను.

ఆయన ఓనరు వైపు తిరిగారు. ‘సార్, మనిషి పోతే ఏమి చేస్తారు?’

ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రింటరు మీద చిన్న పచ్చ దీపం ఆరిపోయి వెలుగుతోంది. ఓనరు తలుపులోంచి వేపచెట్టు వైపు చూస్తున్నారు. నేను నేల చూపులు చూస్తున్నాను.

మన దగ్గర కిరాయి ఇళ్లల్లో ఇది ఎంత పెద్ద విషయమో తెలియనివారు ఉండరు. ఇంట్లో చావు జరిగితే ఓనరు శవాన్ని లోపలికి రానివ్వరు. అరిష్టం అంటారు. నేను పని చేసే చోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు: ‘మాది కిరాయి ఇల్లు సిస్టర్, శవాన్ని ఎక్కడికి తీసుకుపోవాలి?’ ఏడవడానికి కూడా తీరిక లేకుండా, ఊళ్లో పెద్దనాన్నకు ఫోను చేసి వాకిలి అడుక్కునే కొడుకులను చూశాను. రోడ్డు పక్కన టెంటు వేసి, ఐసు పెట్టె పెట్టి, రాత్రంతా దోమల్లో కూర్చున్న ఆడవాళ్లను చూశాను. నెలనెలా కిరాయి కట్టిన ఇంటి ముందు మనిషిని ఆఖరిసారి పడుకోబెట్టుకోలేకపోవడం కన్నా అవమానం లేదు. పరకాలలో మాకు సొంత ఇల్లుంది, నిజమే. అందులో వేరే కుటుంబం ఉంది. అమ్మకు అప్పటికి ఇల్లంటే ఈ కిరాయి ఇల్లే.

ఓనరు చివరకు ‘మా ఆవిడను అడగాలి’ అన్నారు. బయటికి వెళ్లి చెట్టు కింద ఫోను మాట్లాడారు. పది నిమిషాలు పట్టింది. లేఖరి ఈలోగా నాతో ఏమీ మాట్లాడలేదు, మంచినీళ్ల సీసా మాత్రం నా వైపు జరిపారు. ఓనరు లోపలికి వచ్చి కూర్చుని, ‘రాయండి’ అన్నారు.

లేఖరి అక్కడితో ఆగలేదు. నక్షత్రం మంచిది కాదని, ధనిష్ఠ పంచకమని ఇల్లు కొన్ని నెలలు మూయాలని పంతులు చెబితే ఆ నెలల కిరాయి ఎవరిదని అడిగారు. ఓనరుకు ఆ పట్టింపు ఉంది. మూయించేది ఓనరైతే ఆ నెలలకు కిరాయి ఉండదు, సామాను పెట్టుకోవడానికి ఒక గది తెరిచే ఉంచాలి అని ఒప్పుకున్నారు. పదమూడో షరతు అది. ‘కిరాయిదారు కుటుంబంలో ఎవరైనా మరణించిన యెడల భౌతికకాయాన్ని ఇంటికి తీసుకొచ్చుటకు, దినకర్మ పూర్తగు వరకు బంధువులు వచ్చిపోవుటకు యజమానికి అభ్యంతరము లేదు.’ నాకు కంఠతా వచ్చిన వాక్యం ఇది.

లోపాలు కూడా చెప్పాలి. కూర్చోవడానికి చోటు లేదు, రెండు కుర్చీలు నిండితే చెట్టు కింద నిలబడాలి. నాకు ఒకసారి గంటన్నర పట్టింది. కరెంటు పోతే పని ఆగిపోతుంది. మొదటి కాగితంలో మా ఇంటిపేరు తప్పు కొట్టారు, మళ్లీ స్టాంపు కాగితం కొనవలసి వచ్చింది. ఆ డబ్బు ఆయనే పెట్టుకున్నారు గానీ నాకు ఒక పూట పోయింది. కాగితం తెలుగులోనే ఉంటుంది, ఇంగ్లీషులో కావాలంటే వేరే చోటు చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటి. ఆయన పాత నమూనాలో ‘1960 నాటి కిరాయి నియంత్రణ చట్టానికి లోబడి’ అనే వాక్యం ఉండేది. ఆ చట్టం కింద కారణం చూపకుండా ఖాళీ చేయించడం కుదరదు, నీళ్లు, కరెంటు ఆపకూడదు, కిరాయికి రసీదు అడిగే హక్కు ఉంది. చదివి నేను ధైర్యం తెచ్చుకున్నాను. వకీలమ్మకు చూపిస్తే, 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 దాటిన కిరాయిలు, మిగతా చోట్ల 2,000 దాటినవి ఆ చట్టం కిందికి రావని చెప్పారు. వరంగల్‌లో ఇప్పుడు 3,500కు ఒక మంచి గది దొరకడమే కష్టం. అంటే మాలాంటివారికి ఆ వాక్యం ఉన్నా లేనట్టే. తిరిగి వెళ్లి చెప్పాను. ఆయన ఎదురు వాదించలేదు. పుస్తకం తెరిచి చూసుకున్నారు, వకీలును అడిగి నిర్ధారించుకున్నారు, రెండో కాగితం నుంచి ఆ వాక్యం తీసేశారు. దాని బదులు రసీదు, నీళ్లు, కరెంటు మాటలను విడివిడి షరతులుగా రాయడం మొదలుపెట్టారు. ఇదివరకు ఈయన దగ్గర రాయించుకున్నవారు మీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

పరకాల ఇంటి విషయంలో తప్పు నాదే అయింది. 2024 వానాకాలంలో స్లాబు కారుతోందని మా కిరాయిదారు రెండుసార్లు ఫోను చేశాడు. డ్యూటీలు, అమ్మ ఆరోగ్యం, చూద్దాంలే తమ్ముడూ అన్నాను. మూడో నెల కిరాయిలో 6,200 తక్కువ పంపాడు. మేస్త్రీని పెట్టి బాగు చేయించాడట, సిమెంటు బిల్లు ఫోటో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. అడగకుండా కోసుకోవడం ఏమిటని, ఖాళీ చేయించాలని దుకాణానికి వెళ్లాను. కరెంటు కనెక్షన్ తీయిస్తే తనే పోతాడని కూడా నోరు జారాను.

లేఖరి నేను రాయించిన కాగితమే తెచ్చి నా ముందు పెట్టారు. స్లాబు మరమ్మతు యజమానిది. నా సంతకం. ‘యజమాని చేయవలసిన మరమ్మతు, చెప్పిన తర్వాత కూడా తగిన సమయంలో చేయకపోతే కిరాయిదారు చేయించుకుని కిరాయిలో కోసుకోవచ్చు బిడ్డా. నీకు నయీంనగర్ డబ్బు ఇప్పించిన 108వ సెక్షన్‌లోనే ఆ మాట కూడా ఉంది. వడ్డీతో సహా కోసుకోవచ్చు, అతను వడ్డీ అడగలేదు’ అన్నారు. ఖాళీ చేయించాలన్నా నోటీసు ఇచ్చి, ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లాలి. తాళం వేసి సామాను బయట పెడితే, అతను ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి మళ్లీ ఇంట్లోకి రావచ్చు, అప్పుడు ఇల్లు ఎవరిదని కూడా కోర్టు చూడదు అని వివరించారు. ఆ రోజు నా దగ్గర డబ్బు తీసుకోలేదు. బయటికి వచ్చి వేపచెట్టు కిందే నిలబడి అతనికి ఫోను చేసి క్షమించమన్నాను. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది, నెల మొదటి వారంలో కిరాయి వస్తుంది. వాళ్ల కాగితంలో కూడా పదమూడో షరతు ఉంది. వాళ్లు అడగలేదు, నేనే రాయమన్నాను.

అమ్మ జనవరిలో పోయింది. తెల్లవారుజామున నాలుగు దాటాక, ఆస్పత్రిలో. అబ్బాయి ఓనరుకు ఫోను చేశాడు. అంబులెన్సు మా వీధిలోకి తిరిగేసరికి గేటు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. వరండాలో ఎప్పుడూ ఉండే ఆయన స్కూటరు, చెప్పుల స్టాండు, తులసి కుండీ పక్కకు పెట్టి, నేల కడిగి ఉంది. ఇంకా తడిగా ఉంది. పైకి మెట్లెక్కించడం కష్టమని అమ్మను వాళ్ల వాకిట్లోనే పడుకోబెట్టమన్నారు. మోటారు వేసి నీళ్లు పట్టారు. ఓనరు భార్య, ఆ రోజు ఫోనులో పది నిమిషాలు మాట్లాడిన ఆవిడ, పసుపు కుంకుమ పళ్లెం తెచ్చి అమ్మ తల దగ్గర దీపం పెట్టారు. దుబాయ్ నుంచి మా ఆయన వచ్చేవరకు, మరుసటిరోజు మధ్యాహ్నం దాకా, ఆ వాకిలి మాదే అయింది. నక్షత్రం గురించి పంతులును అడిగారో లేదో నాకు తెలియదు. ఇల్లు మూయమని ఎవరూ అనలేదు.

కాగితం లేకపోయినా వాళ్లు అలాగే చేసేవారేమో. అంత మంచివాళ్లు. కానీ ఆ తెల్లవారుజామున అంబులెన్సులో అమ్మ పక్కన కూర్చుని, మమ్మల్ని లోపలికి రానిస్తారా అని నేను ఒక్క క్షణం కూడా భయపడలేదు. అడగవలసినది ఏడాదిన్నర కిందటే ఒకాయన అడిగేశారు.

వెళ్లదలచినవారు ఇద్దరూ కలిసి వెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు మూసి ఉంటుంది. పోయిన నెల కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, గదుల ఫోటోలు, ఇద్దరు సాక్షులను తీసుకెళ్లండి. గంటన్నర పడుతుందని ముందే అనుకుని వెళ్లండి.

మూడో కాగితం ఈ జూలై ఒకటిన రాయించాం. కిరాయి 10,500 అయింది. లేఖరి పాత కాగితం చూసి మార్చవలసినవి మారుస్తూ పదమూడో షరతు దగ్గర ఆగారు. అమ్మ సంగతి ఆయనకు తెలుసు. నా వైపు చూసి, ఇది ఉంచాలా తీసేయాలా అని అడిగారు. నేను చెప్పేలోపు ఓనరు ‘ఉండనీయండి’ అన్నారు. నాలుగు పేజీలు, మూడు ఫోటోలు, స్టాంపు కాగితంతో కలిపి 600 అయింది, పోయిన ఏడాది 500.